సున్నపురాతి సాక్ష్యము, దాని మేర

సముద్రమట్టమును గూర్చిన వార్తలలో ఈ నడుమ ఒక మాట తరచుగా కనబడుచున్నది: సుమారు 1,25,000 సంవత్సరములకు పూర్వము, రెండు మంచుయుగముల నడిమి వెచ్చని కాలమున, భూగోళపు సగటు వేడిమి పారిశ్రామికయుగమునకు ముందున్న దానికంటె ఒక డిగ్రీకి అటునిటుగా మాత్రమే హెచ్చియుండగా, సముద్రము నేటి మట్టమునకు 5 మొదలు 10 మీటర్ల వరకు మీదుగా నుండెనని. అది చదివి కొందరు భయపడుదురు, కొందరు పెదవి విరతురు; ఆ కాలమున ఒడ్డున కొలబద్ద నాటినవారెవరు, ఆ లెక్క వ్రాసిపెట్టినవారెవరు అని అడుగువారు మాత్రము అరుదు. అడుగవలసిన ప్రశ్న అదియే. సమాధానము క్లుప్తముగా చెప్పవలెనన్న, ఆ లెక్క వ్రాసిపెట్టినది సున్నపురాయి. విపులముగా చెప్పవలెనన్న, ఆ రాయి వ్రాసినది ఒకటి, మనము దానినుండి గ్రహించుచున్నది మరియొకటి. ఆ రెంటి నడుమ గల దూరము నెరిగి చదివినవారి మాటయే నమ్మదగినది. ఈ దూరమును గూర్చి మన పత్రికలు గాని పాఠ్యపుస్తకములు గాని తగినంతగా చెప్పుటలేదని నా అభిప్రాయము.

ఇసుకరాయియు బంకరాయియు సముద్రమునకు పరాయి సొత్తు. ఎక్కడనో కొండలు అరిగి, ఏరులు మోసికొనివచ్చి, తీరమున పారబోసిన సరకు. సున్నపురాయి యట్లు కాదు. సముద్రజలములో కరగియున్న కాల్షియమును, కార్బొనేటును గ్రహించి నాచులు, పగడపు జీవులు, నత్తలు, ఆలుచిప్పలు, కంటికి కనబడని ఏకకణ ప్రాణులు కట్టుకొన్న గూళ్ళే, ఆ జీవులు నశించిన పిమ్మట నలిగి, బురదయై, పేరుకొని, గట్టిపడి రాయి యగుచున్నవి. ఈ నిర్మాతలలో ముఖ్యమైనవానికి సూర్యరశ్మి కావలెను. రశ్మి లోతునకు పోనుపోను క్షీణించును. కావున ఉష్ణమండల సముద్రములలో సున్నపుటుత్పత్తి అధికభాగము ఉపరితలమునుండి పది యిరువది మీటర్ల లోపలనే జరుగుచుండును. అనగా ఈ రాయి పుట్టుకయందే నీటి లోతును గూర్చిన వార్త ఇమిడియున్నది. అలల తాకిడికి అటునిటు దొరలుచు సున్నము పొరలుపొరలుగా చుట్టుకొన్న సన్నని గుండ్రని రేణువులు, శాస్త్రజ్ఞులు ఊయిడ్లని పిలుచునవి, కనబడినచో ఆ పొర కొలది మీటర్ల లోతున, కదలికగల వెచ్చని నీట ఏర్పడినదని చెప్పవచ్చును. సూక్ష్మజీవుల జిగురుపొరలు బురదను పట్టి గుమ్మటములుగా పెంచిన స్ట్రొమటోలైట్లు వెలుతురు చేరు లోతును తెలుపును. ఎండి బీటలువారిన బురద ఆటుపోటుల నడిమి నేలను తెలుపును. వాననీటికి కరగి గుంటలుపడి ఎర్రమన్ను నిండిన రాతిముఖము, సముద్రము అచ్చోటు విడిచి పూర్తిగా తొలగిపోయిన కాలమును తెలుపును.

ఈ లిపిని చూచుటకు దూరదేశములకు పోనక్కరలేదు. రాయలసీమలో ఇండ్ల అరుగులకును నట్టింటికిని పరచుచున్న నాపరాయి, బేతంచర్లలో తీసినదైనను జమ్మలమడుగు ప్రాంతమున తీసినదైనను, ఒక ప్రాచీన సముద్రపు అడుగే. 1872లో విలియం కింగ్ అను భూవిజ్ఞాని కడప, కర్నూలు శిలాసముదాయములను గూర్చి భారత భూవిజ్ఞాన సర్వేక్షణ సంస్థ పక్షమున బృహద్గ్రంథము ప్రకటించెను. ఆ పొరలకు మన ఊళ్ళ పేర్లే శాస్త్రనామములైనవి. కర్నూలు సముదాయమును అడుగునుండి చదివినచో ఒక బస్సు ప్రయాణమువలె నుండును: మొదట బనగానపల్లె ఇసుకరాయి, వజ్రములు దొరకు గులకరాతి పొరతో, దానిమీద నర్జి సున్నపురాయి, మన నాపరాయి ఇదియే, దానిమీద ఔకు బంకరాయి, ఆపైన పాణ్యము ఇసుకరాయి, మరల కోయిలకుంట్ల సున్నపురాయి, కట్టకడపట నంద్యాల బంకరాయి. ఒడ్డున పడు గులకమీదను, ఇసుకమీదను నిర్మలజలమున పుట్టు సున్నము వచ్చి కూర్చున్నదనగా తీరరేఖ లోపలి నేలకు జరిగినదని అర్థము. ఆ సున్నముమీద తిరిగి బురదయు ఇసుకయు పడినవనగా తీరము వెనుకకు వచ్చినదని అర్థము. మరల సున్నము కనబడినదనగా సముద్రము రెండవమారు దండెత్తినదని అర్థము. ఈ పొరలలో నత్తగుల్ల వెదకి ప్రయోజనము లేదు, అవి గుల్లగట్టు ప్రాణులు వ్యాపించుటకు పూర్వపువి. నాడు సున్నమును దింపినవి సముద్రజలపు రసాయనధర్మమును, సూక్ష్మజీవులును మాత్రమే.

ఇంతవరకు చిక్కు లేదు. కాని ఇందాక "సముద్రము దండెత్తినది" అని వ్రాసితిని గదా, ఆ మాట వ్రాయుటకు నాకు రాతియందు ఆధారము లేదు. సముద్రము పైకి వచ్చినను, నేల క్రిందికి దిగినను రాతికి ఒక్కటే. రెంటియందును నీటి లోతు పెరుగును, రెంటియందును ఇసుకమీద సున్నము కూర్చుండును. పడవలో కూర్చుండి పోవువానికి ఒడ్డే కదలుచున్నట్లు తోచుట యెట్టిదో, కదలుచున్న నేలమీద పెరిగిన రాతికి సముద్రము కదలినట్లు తోచుటయు నట్టిదే. పసిఫిక్ మహాసముద్రమున ఎనివెటాక్ అను పగడపు వలయద్వీపమున 1952లో అమెరికావారు లోతైన బోర్లు వేసిరి. 1,200 మీటర్లకు మించి సున్నపురాతిని ఛేదించుకొనిపోయిన పిమ్మట గాని అడుగున అగ్నిపర్వతపు నల్లరాయి తగులలేదు. ఆ సున్నపురాతిలో అధికభాగము తక్కువ లోతు నీట బ్రతుకు జీవులదే. పొరలను అమాయకముగా చదువువాడు సముద్రము కిలోమీటరుకు మించి పెరిగినదనవలసివచ్చును. జరిగినదేమనగా, చల్లారి బరువెక్కిన అగ్నిపర్వతము కోట్ల సంవత్సరముల తరబడి మెల్లమెల్లగా కుంగుచుండగా, దాని నెత్తిమీది పగడములు వెలుతురును విడువనొల్లక అంతకంత పైకి కట్టుకొనుచు వచ్చినవి. 1842లోనే చార్లెస్ డార్విన్, పగడపు దీవులలో అంత లోతు బోరు ఎవ్వరును వేయనినాడు, కేవలము ద్వీపముల ఆకారమును చూచి ఈ మాట చెప్పియుండెను. అయితే అదే ఎనివెటాక్ రాతిలో అచ్చటచ్చట వాననీటికి కరగిన జాడలు గల ముఖములును దొరకినవి. అవి మాత్రము, కుంగుచున్న నేలమీదనుండి సైతము నీరు తొలగిపోవునంతగా సముద్రము దిగిన కాలములను తెలుపుచున్నవి. ఒకే రాతిలో నేల కథయు సముద్రపు కథయు పెనవేసికొనియుండును, విడదీయుటయే పని.

విడదీయుటలో పండితులు సైతము ఎట్లు తొట్రుపడిరో తెలిసికొనదలచినవారు ఇటలీ ఉత్తరభాగమున డోలొమైట్ పర్వతములలోని లాటెమార్ వివాదమును చదువవలెను; నా మట్టుకు నాకు భూవిజ్ఞానమున ఇంతకు మించిన రసవత్తరమైన వ్యాజ్యము కనబడలేదు. ట్రయాసిక్ యుగపు నడిమి కాలమున సముద్రమధ్యమున ఒంటిగా నిలిచిన సున్నపు వేదిక లాటెమార్. దానియందు ఇంచుమించు మీటరు మందముగల పొరలు సుమారు 600 ఒకదానిమీద నొకటి దొంతరగా నున్నవి. ప్రతి పొరయు నీట పుట్టి, తుదకు గాలి సోకి, పైన పలుచని పెంకు కట్టియున్నది. 1987లో గోల్డ్‌హామర్, డన్, హార్డీ అను శాస్త్రజ్ఞులు ఈ పొరల మందములను కొలిచి, అవి ఐదేసి చొప్పున గుత్తులుగా కూడియున్నవని చెప్పిరి. భూమి యిరుసు దిశ మార్చుకొనుటకు పట్టుకాలము సుమారు 20,000 సంవత్సరములు, భూకక్ష్య గుండ్రదనము హెచ్చి తగ్గుటకు సుమారు 1,00,000 సంవత్సరములు. ఒకటి రెండవదానికి సరిగా ఐదవ వంతు. సెర్బియా పండితుడు మిలాంకోవిచ్ మంచుయుగములకు కారణముగా చెప్పిన ఆకాశపు లెక్క ఆల్ప్సు పర్వతపు రాతిలో అక్షరముగా దొరకినదని పలువురు సంతోషించిరి. పొర యొకటికి 20,000 సంవత్సరముల చొప్పున 600 పొరలకు 1 కోటి 20 లక్షల సంవత్సరములు కావలెను.

1990ల నడుమ మరికొందరు వేరొక గడియారమును తెచ్చిరి. లాటెమార్ ప్రక్కనున్న లోతునీటి పొరలలోను, పిదప లాటెమార్ పొరలలోనే చిక్కుకొన్న అగ్నిపర్వతపు బూడిదలోను జిర్కాన్ అను స్ఫటికములు గలవు. వానిలోని యురేనియము ఎరిగిన వేగమున సీసముగా మారుచుండును గనుక వాని వయస్సు గణింపవచ్చును. గణించి చూడగా ఆ దొంతర మొత్తమునకు పై కాలములో సగమునకైనను చోటు లేదని తేలినది! ఇక 20,000 సంవత్సరములకు ఒక పొర యను లెక్క నిలుచుటెట్లు? గుత్తులు నిజమే, పొర కాలమే తక్కువ అనువారు కొందరు; జిర్కానులనే శంకించినవారు కొందరు; పత్రికలలో వాదప్రతివాదములు ఏండ్లతరబడి సాగినవి. ఈ వివాదమునకు చాల ముందే, 1971లో, రాబర్ట్ గిన్స్‌బర్గ్ ఫ్లోరిడా, బహామా తీరముల బురదమేటలను చూచి మరింత ఇబ్బందికరమైన సంగతి నొకటి సూచించియుండెను. సముద్రము బొత్తిగా కదలకపోయినను, సున్నపుబురద ఒడ్డున మేటవేసి ముందుకు సాగుచు లోతు తగ్గించును. లోతునీటి భాగము కురచపడగా బురద పుట్టుటయే తగ్గును. నేల నెమ్మదిగా కుంగగా మరల నీరు నిండును, మరల మొదటినుండి మేట పడును. పొరమీద పొర ఏర్పడినది, ప్రతి పొరయు గాలి సోకినది, సముద్రమట్టము మాత్రము అంగుళమైనను మారలేదు. లాటెమార్ పొరలలో ఆకాశపు లయ బొత్తిగా లేదని నేననను. కాని మనుష్యుని కన్ను ఐదేసి చొప్పున కూడిన వస్తువులను చూచి ముచ్చటపడినంత తొందరగా అనుమానపడదు. వేరొక గడియారము ఏకీభవించువరకు ఏ పొరల లెక్కను గాని సముద్రపు లెక్కగా అంగీకరింపరాదు.

ఈ నియమము పెద్ద సంస్థలు గీసిన పెద్ద రేఖలకును వర్తించును. 1977లో ఎక్సాన్ చమురు సంస్థ శాస్త్రజ్ఞులు, వెయిల్ నాయకత్వమున, ప్రపంచపు సముద్రమట్టములు కోట్ల సంవత్సరములుగా ఎట్లు మారినవో తెలుపు రేఖ నొకదానిని ప్రకటించిరి. 1987లో హక్, హార్డెన్‌బోల్, వెయిల్ దానిని సవరించి విస్తరించిరి. గోడకు తగిలించుకొనదగిన సొగసైన చిత్రమది. కాని ఆధారములలో అధికభాగము సంస్థ పెట్టెలలోనే యుండిపోవుటచే ఇతరులు సరిచూచుటకు వీలు లేకపోయినది. క్రెటేషియస్ యుగమున సముద్రము నేటికంటె సుమారు 250 మీటర్లు ఎత్తున నుండెనని ఆ రేఖ సూచింపగా, 2005లో కెన్నెత్ మిల్లర్ బృందము న్యూజెర్సీ తీరపు బోర్లను ఆధారము చేసికొని సుమారు 100 మీటర్లని చెప్పినది. ఏది సత్యమని తేల్చుట నా పని కాదు. లోతట్టున భూగర్భమే మెల్లగా పొర్లుచు ఖండముల అంచులను పైకెత్తి దింపుచుండునని ఇప్పుడందరును ఒప్పుకొనుచున్నారు గనుక, ఒక్క తీరమునుండి ప్రపంచమునకంతకు లెక్క చెప్పు సాహసము ఎవరికిని తగదు.

ఇంత సందేహము చెప్పిన పిమ్మట, వార్తలోని ఆ 5 మొదలు 10 మీటర్ల మాటను నేనెందుకు నమ్ముచున్నానో చెప్పవలెను. అచ్చట రాయి వేరు, గడియారము వేరు, సాక్షులు పెక్కుమంది. కరీబియను ప్రాంతమున బార్బడోస్ అను ద్వీపము వేయి సంవత్సరములకు సుమారు 30 సెంటీమీటర్ల చొప్పున పైకి లేచుచున్నది. నేల లేచుచుండగా సముద్రము ఎత్తున నిలిచినపుడెల్ల ఒడ్డున ఒక పగడపు మెట్టు పెరుగును. సముద్రము దిగి, ఆ మెట్టు పైకి లేచిన పిమ్మట, తరువాతి పగడములు దాని దిగువన మరియొక మెట్టు కట్టును. అట్లు సుమారు 1,25,000, 1,05,000, 82,000 సంవత్సరముల మెట్లు మూడు ఒకదానిదిగువ నొకటి నిలిచియున్నవని 1960ల చివర యురేనియము-థోరియము పద్ధతిని గణించి చూపిరి. పగడము సముద్రజలమునుండి యురేనియమును గ్రహించునే గాని థోరియమును దాదాపుగా గ్రహింపదు. కావున పగడపు రాతిలో కనబడు థోరియము కాలము గడచినకొలది పుట్టినదే. ఆ మీదట దుప్పికొమ్ములవంటి శాఖలతో పెరుగు అక్రొపొరా పాల్మాటా అను పగడము సాధారణముగా ఐదు మీటర్లకు మించిన లోతున పెరుగదు. లోతు తెలిసినది, వయస్సు తెలిసినది, నేల లేచు వేగము తెలిసినది. మూడును చేతనుండగా సముద్రమట్టమును వెలికిదీయుట లెక్కయే గాని ఊహ కాదు. 1989లో ఫెయిర్‌బ్యాంక్స్ ఇదే పగడమును బార్బడోస్ ఒడ్డునకు దిగువన సముద్రగర్భమునుండి బోర్లు వేసి తీసి, మంచుయుగపు పరాకాష్ఠయందు సముద్రము నేటికంటె సుమారు 121 మీటర్లు దిగియుండెనని నిరూపించెను.

బార్బడోస్ ఒంటిసాక్షి కాదు. 2005లో సమీకృత సముద్ర త్రవ్వక కార్యక్రమమువారు తాహితీ ద్వీపపు చుట్టును పగడములను బోర్లు వేసి తీసిరి. తాహితీ లేచుచున్న నేల కాదు, మెల్లగా కుంగుచున్న నేల. లేచు నేలయు కుంగు నేలయు వేర్వేరు సవరణలు చేసిన పిమ్మట ఒకే కథను చెప్పినచో ఆ కథ నేలది కాదు, సముద్రముదే యని విశ్వసింపవచ్చును. 14,650 మొదలు 14,310 సంవత్సరముల క్రిందటి వరకు, మూడున్నర శతాబ్దములైనను నిండని కాలమున, సముద్రము 14 మొదలు 18 మీటర్లు పెరిగినదని తాహితీ పగడములు చెప్పుచున్నవి. ఏటికి 40 మిల్లీమీటర్లకు మించిన వేగము. నేటి వేగము ఏటికి సుమారు 4 మిల్లీమీటర్లు. నాడు కరిగిన మంచుగడ్డలు నేడున్నవానికంటె మిక్కిలి పెద్దవి గనుక ఆ వేగమే రేపు మన విశాఖకును మచిలీపట్నమునకును వచ్చునని చెప్పుట తగదు. మంచు అంత త్వరగా విరిగి కరుగుట ప్రకృతికి అసాధ్యము కాదని మాత్రము చెప్పవచ్చును. భయపెట్టువారును, కొట్టిపారవేయువారును ఈ రెండు వాక్యములలో తమకు నచ్చిన దానిని మాత్రమే తీసికొనిపోవుచుందురు.

మన రాళ్ళయొద్దకు తిరిగి వచ్చెదము. వేంపల్లె పరిసరములలోని డోలొమైట్ అను సున్నపురాతి జాతి పొరలయందు స్ట్రొమటోలైట్లు, ఎండిన బురదబీటలు, అలల గుర్తులు కనబడుచున్నవి. ఆ పొరలమీదికి తరువాత వచ్చిన శిలలలోనికి పులివెందుల చెంత చొచ్చుకొనిపోయిన అగ్నిశిల వయస్సు సుమారు 188 కోట్ల సంవత్సరములు గనుక, వేంపల్లె సముద్రము అంతకంటెను ప్రాచీనము. అంత దూరపు కాలమున మన గడియారములలోని పొరపాటే లక్షల సంవత్సరములలో నుండును. కావున వేంపల్లె బండను చూచి సముద్రము ఇన్ని మీటర్లు పెరిగినదని చెప్పువానిని నమ్మకుడు, ఇచ్చట నీరు పలుచబడి, ఎండి, తిరిగి నిండినదని చెప్పువానిని నమ్ముడు. కాతేరు కథ వేరు. రాజమహేంద్రవరము చెంత ఆ యూరివద్ద క్రింద ఒక లావాపొర, మీద ఒక లావాపొర, నడుమ ఉప్పునీటి గుల్లలుగల సున్నపురాయి గలవు; డైనోసారులు అంతరించిన 6 కోట్ల 60 లక్షల సంవత్సరముల నాటి సంధికాలమునకు అది చేరువది. రెండు లావాల నడుమ చిక్కిన రాయి గనుక దాని కాలము నర్జి నాపరాతి కాలముకంటె ఎన్నో రెట్లు నిశ్చయముగా తెలియును. అచ్చటి గుల్లలు సముద్రపు ఎత్తును తెలుపునా, లేక గోదావరి లంకలును డెల్టాయును ఇంకను ఏర్పడని కాలపు తీరమును తెలుపునా యనునది వేరు ప్రశ్న. దానిని విచారించుటకు కావలసిన సామగ్రి యంతయు అచ్చటి గనిగోడయందే యున్నది.

గనిగోడ అంటిని. నాపరాతి గనులును సిమెంటు గనులును లేకున్న మనకు ఈ పొరలు నిలువునా కోసినట్లు కనబడియుండెడివి కావు. ఆ గనులే వానిని మాయము చేయుచున్నవి. నేను సిమెంటుకు శత్రువును కాను, ఇది వ్రాయుచున్న గది గోడలు సిమెంటువే. పల్నాటిలోను, ఎర్రగుంట్ల ప్రాంతమునను రాతి నాణ్యము తెలిసికొనుటకు బోర్లు వేసి తీయు రాతికడ్డీలు, సున్నపు శాతము తేలగానే పనికిరానివగుచున్నవి. అవే విశ్వవిద్యాలయములకు చేరినచో ఒక తరపు విద్యార్థులకు పరిశోధనాంశము లభించును. కౌలు ముగియుటకు ముందు ప్రతి గనిలోను ఒక గోడను అడుగునుండి మీదివరకు పొరపొరగా కొలిపించి, నమూనాలు తీయించి, ఆ లెక్కను అందరికి అందుబాటున నుంచవలెనని గనులశాఖ ఒక షరతు విధింపవచ్చును. ఎక్సాన్ పెట్టెలలోవలె మూసియుంచినచో దానివలన ప్రయోజనము లేదు. రాజస్థానమున ఝామర్‌కోట్ర, భోజుండ స్ట్రొమటోలైట్లు జాతీయ భూవిజ్ఞాన స్మారకములై యున్నవి. మన తిరుమల శిలాతోరణమును, భీమునిపట్నము దారిలోని ఎర్రమట్టి దిబ్బలును ఆ జాబితాకు ఎక్కినవే. నర్జి నాపరాతి గోడ ఒకటి, వేంపల్లె స్ట్రొమటోలైట్ బండ ఒకటి, కాతేరు నడిమిపొర ఒకటి వాని సరసన చేరదగినవి. మూడింటికి ఒకేసారి పూనుకొనుట కష్టమన్నచో కాతేరుతో మొదలిడవచ్చును: అది చిన్నది, పట్టణమునకు చేరువది, పైగా రెండువైపులను గడియారము గలది.